పంచాయతీ గోడ మీద డబ్బా ఉంది, తండాలో నెట్ లేదు: ఏం చేయాలి?

మీ ప్రశ్న సంగ్రహంగా ఇదీ: నల్లగొండ జిల్లా చందంపేట మండలంలో నూటయాభై గడపల తండా. వాటర్ ట్యాంకు ఎక్కితేనో గుట్ట మీదికి పోతేనో తప్ప ఫోన్‌లో నెట్ రాదు. పంచాయతీ ఆఫీసు గోడకి మూడేళ్ల కింద ఒక డబ్బా బిగించి పోయారు, అది పనిచేయగా చూసినవాళ్లు లేరు. దేశమంతా 5జీ అంటున్నారు, మాకు టవర్ ఎప్పుడొస్తుంది, ఎవరిని అడగాలి, శాటిలైట్ నెట్ వస్తే ఈ బాధ తీరుతుందా? టవర్‌కి జాగా ఇస్తే అడ్వాన్స్ ఇస్తామని మీ చిన్నాన్నకి వచ్చిన ఫోన్ సంగతి కూడా అడిగారు.

టవర్ ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. మీ తండాకి తొందరగా నెట్ వచ్చే దారి ఆ గోడ మీది డబ్బాయే, అది ప్రభుత్వ ఫైబర్ నెట్ డబ్బా. నేను ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఫైబర్ (వెలుతురుతో డేటా మోసే గాజు పోగుల వైరు) లైన్ల మెయింటెనెన్స్‌లో చాలాకాలం పనిచేశాను. కొత్త లైన్ వేస్తామంటే డబ్బు దొరుకుతుంది, శిలాఫలకం పడుతుంది, ఫోటోలు దిగుతారు. వేసిన లైన్‌ను ఆగకుండా నడిపించాలంటే మాత్రం మనుషులుండరు, బండికి డీజిల్ ఉండదు. మన దేశంలో ఊళ్లకి నెట్ ఆలస్యం కావడానికి నాకు కనిపించిన అసలు కారణం ఇదే.

2011 అక్టోబరులో కేంద్రం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కి ఆమోదం ఇచ్చింది. సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్ చేర్చాలన్నది లక్ష్యం. తర్వాత దాన్నే భారత్‌నెట్ అన్నారు. 2017 చివరికి మొదటి లక్ష పంచాయతీలు అయ్యాయన్నారు, ఇప్పుడు లెక్కల్లో 'సర్వీస్ రెడీ' పంచాయతీలు 2 లక్షలు దాటాయి. అయితే 2025 జనవరిలో ప్రకటించిన నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ రెండో దశ లక్ష్యాలు చదవండి. 2030 నాటికి 2.70 లక్షల గ్రామాల్లో ఫైబర్ 95 శాతం సమయం పనిచేస్తూ ఉండాలట. అప్పటికి అలా ఉన్నవి దాదాపు 50 వేలేనని అందులోనే ఉంది. మీ ఊరి డబ్బా ఆ రెండు అంకెల మధ్య తేడాలో ఎక్కడో ఉంది.

నిజానికి డబ్బా అన్నా వచ్చింది, సంతోషించండి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంతో జనాభా అయిదు వందలు దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య ఎనిమిదిన్నర వేల పైచిలుకు నుంచి 12,700 దాటింది. అంతకుముందు గీసుకున్న ఫైబర్ పటాల్లో ఈ కొత్త పంచాయతీలు ఎలా ఉంటాయి? ఇలా దేశమంతటా మిగిలిపోయిన సుమారు 42 వేల పంచాయతీల్ని 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో చేర్చారు. దాని ఖర్చు 1,39,579 కోట్లు. ఆ పథకంలో నాకు నచ్చిన విషయం కాంట్రాక్టు తీరు: మూడేళ్లలో కట్టాలి, ఆపైన పదేళ్లు అదే సంస్థ నడిపి చూపాలి. ఈ నిబంధన 2011లోనే ఉండాల్సింది.

ఇక డబ్బా దగ్గరికి పోయి మూత తీయించి చూడండి. లోపల ఫైబర్‌లో వచ్చే వెలుతురును నెట్‌గా మార్చే ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె ఉంటుంది, దానికి లైట్లు. పవర్ లైటే లేకపోతే లోపం ఫైబర్‌లో వెతకొద్దు. నేను చూసిన పంచాయతీ ఆఫీసుల్లో చాలాచోట్ల జరిగేది ఒకటే: సాయంత్రం తాళం వేసేటప్పుడు ఎవరో ఒకరు మెయిన్ ఆఫ్ చేసి పోతారు. కరెంటు బిల్లు మీద భయమో, వైర్లు పాతబడ్డాయన్న టెన్షనో. సెక్రటరీకి మూడు నాలుగు పంచాయతీల పని ఉంటే ఆఫీసు వారంలో రెండు రోజులే తెరుస్తారు, మిగతా రోజులు డబ్బాకి కరెంటు లేదు. లోపల బ్యాటరీ ఉంటే అది ఎప్పుడో చచ్చి ఉంటుంది. దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్‌తో పాటు ఆగిపోకుండా డబ్బాకి వేరే స్విచ్ పెట్టించండి.

పవర్ లైటు ఉండి, ఎల్‌ఓఎస్ (LOS) అని రాసిన చోట ఎర్ర లైటు కొట్టుకుంటుంటే వెలుతురు మీ దాకా రావడం లేదని అర్థం. మండల కేంద్రంలో ఉండి ఊళ్ల డబ్బాలకి వెలుతురు పంపే ఓఎల్‌టీ పెట్టె నుంచి మీ తండా వరకు ఎక్కడో వైరు తెగింది, లేదా జాయింట్ పాడైంది. పాన్ (PON) అన్న చోట పచ్చ లైటు కదలకుండా ఉండి కూడా నెట్ రాకపోతే లైన్ బాగుంది, మీ పంచాయతీ పేరు మీద కనెక్షనే తెరవలేదు, లేదంటే మండలంలోనే పై లైన్ పడిపోయింది. ఈ మూడింటికి ముగ్గురు వేర్వేరు మనుషులు పని చేయాలి. అందుకే "నెట్ రావడం లేదు" అని ఫిర్యాదు రాస్తే అది బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది. "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది" అని రాసి, ఫోటో తీసి, తేదీ వేసి పంపితే ఎవరి పనో తేలిపోతుంది.

ఎర్ర లైటే అయితే తర్వాత జరిగేది చెప్తాను, ఎందుకు నెలలు పడుతుందో మీకే తెలుస్తుంది. మండలంలో లైన్‌కి ఓటీడీఆర్ (వెలుతురు పంపి, తెగిన చోటు ఎంత దూరమో చెప్పే మిషన్) పెడితే పదకొండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్ల దగ్గర కట్ అని చూపిస్తుంది. ఆ దూరం వైరు పొడవులో. వైరు దారిలో చుట్టలు, వంకలు ఉంటాయి కాబట్టి రోడ్డు మీద ఆ చోటు ఎక్కడొస్తుందో మ్యాప్ చూసి అంచనా కట్టాలి. మ్యాప్ లేకపోతే, చాలాసార్లు ఉండదు, లైన్ వేసిన నాటి కూలీల్ని అడగాలి. దేవరకొండ వైపు ఒక రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ బకెట్‌కి వైరు చుట్టుకుని గుంజుకుపోయింది. తెగిన చోటు ఒకటే, కానీ గుంజినప్పుడు రెండు వైపులా మట్టిలోపల చాలా మీటర్ల మేర పోగులు చిట్లాయి. కనిపించిన కొసలు కలిపితే లైట్ రాలేదు, బాగున్న వైరు దొరికేదాకా రెండు వైపులా తవ్వుకుంటూ పోవాల్సి వచ్చింది. ఎండలో గొడుగు కింద కూర్చుని వైరు తోలు ఒలిచి, లోపలి జెల్ తుడిచి, వెంట్రుకంత పోగుని స్పిరిట్‌తో శుభ్రం చేసి, క్లీవర్‌తో కొస సమంగా కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో పెడితే తెర మీద లాస్ (జాయింట్‌లో పోయే వెలుతురు) 0.02 డీబీ అని వస్తుంది. గాలికి ఒక రేణువు పడిందంటే మళ్లీ మొదటికి. ఇరవై నాలుగు పోగుల వైరు అయితే ఇరవై నాలుగు సార్లు ఇదే పని.

చీకటి పడే ముందు హడావిడిగా కలిపిన జాయింట్‌లో ఒక్కోసారి అర డీబీ, ఒక డీబీ పోతుంది. ఇదే లైన్ ఏడాదికి నాలుగుసార్లు తెగితే ఆ నష్టాలన్నీ కలిసి, కొసన ఉన్న ఊరి ఓఎన్‌టీకి వెలుతురు మైనస్ 28 డీబీఎం కిందికి పోతుంది. అప్పుడు వైరు ఎక్కడా తెగకపోయినా డబ్బా లైట్ పట్టుకోలేదు. లైన్ చివరి ఊళ్లకే ఎప్పుడూ ఎక్కువ బాధ. పాత పద్ధతిలో వైరు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చెట్టుకొమ్మలా పోయింది కాబట్టి మధ్యలో ఒక చోట తెగితే అవతలివన్నీ ఆగేవి. కొత్త పథకంలో మండలం నుంచి పంచాయతీలకి రింగ్ వేస్తున్నారు, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి వస్తుంది. రాష్ట్రంలో టీ-ఫైబర్ (రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ సంస్థ) వాళ్లు మిషన్ భగీరథ పైపు కోసం తవ్విన కాలువలోనే డక్ట్ (ఫైబర్ పోయే గొట్టం) వేసుకున్నారు. తవ్వకమే ఈ పనిలో పెద్ద ఖర్చు, కాబట్టి ఆ ఆలోచన మంచిదే. చిక్కల్లా పైపు లీకైనప్పుడు. నీళ్ల కోసం వచ్చిన జేసీబీ కింద ఫైబర్ పోతుంది, నీళ్లు ఆ పూటే వస్తాయి, ఫైబర్‌కి మాత్రం ఎవరూ రారు. తవ్వేవాళ్లు ముందుగా లైన్ యజమానికి కబురు చేయడానికి 2023లో కాల్ బిఫోర్ యూ డిగ్ అనే యాప్ పెట్టారు. ఊళ్లో కాంట్రాక్టరు జేసీబీ దింపినప్పుడు ఆ యాప్‌లో పెట్టావా అని ఒక్క మాట అడగండి. స్తంభాల మీద పోయే వైరుకి జేసీబీ బాధ లేదు, కోతుల బాధ ఉంది. దానికి యాప్ లేదు.

ఫోన్ సిగ్నల్ సంగతికి వద్దాం. గీతలు చూసి సిగ్నల్ కొలవొద్దు, ఒక్కో కంపెనీ ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల కింద సిమ్ స్టేటస్‌లో డీబీఎం అంకె ఉంటుంది, అది సిగ్నల్ బలం, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో మైనస్ 90 దగ్గర ఉంటే బాగుంది, మైనస్ 110 దాటితే వీడియో ఆగిపోతుంది, మైనస్ 120 దగ్గర ఫోన్ చేతులెత్తేస్తుంది. మీ దగ్గర ట్యాంకు మీద వచ్చి కింద రాకపోవడానికి గుట్ట అడ్డం. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడల్లోంచి కొంత దూరతాయి, గుట్ట అంచున కాస్త వంగుతాయి. 2300 మెగాహెర్ట్జ్ వేగం బాగా ఇస్తుంది కానీ అంత దూరం పోదు, గుట్ట వెనక నీడ పడిపోతుంది. ఒకే టవర్ కింద ఒకరి ఫోన్‌కి వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి ఇదొక కారణం.

సిగ్నల్ నిండుగా ఉండి కూడా రాత్రి ఏడు దాటాక నెట్ కదలని ఊళ్లు ఉన్నాయి. అక్కడ గాలిలో లోపం లేదు, టవర్ వెనక లోపం. టవర్‌కి ఫైబర్ లేక ఇంకో టవర్ నుంచి మైక్రోవేవ్ గిన్నెతో డేటా అందుకుంటుంది, అందరూ ఒకేసారి వీడియోలు పెడితే ఆ దారి నిండిపోతుంది. ఇలాంటి ఊళ్లో ఇంకో టవర్ అడగడం దండగ, ఉన్న టవర్‌కి ఫైబర్ అడగాలి. విజయవాడ వైపు 65వ నంబరు, కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారుల పక్కన బోలెడంత ఫైబర్ పోతోంది. నకిరేకల్, సూర్యాపేట, జడ్చర్ల, కొత్తకోట ఊళ్లకి దాని లాభం దక్కింది. దేవరకొండ అవతల, అచ్చంపేట అవతల పోయేకొద్దీ ఆ దారులు పలచబడతాయి. ఎక్స్‌ప్రెస్ రైలు ఊరి మీదుగా పోతున్నా స్టేషన్ లేకపోతే ఎక్కలేం కదా, దారిలో ఉన్న చిన్న ఊళ్లదీ అదే పరిస్థితి.

కంపెనీలు మీ తండాకి టవర్ ఎందుకు వేయవో లెక్క వేసుకోండి. తండాలో మూడు వందల ఫోన్లు, నెలకి తలా రెండు వందలు అనుకుందాం. ఏడాదికి ఏడు లక్షల పైచిలుకు. అది మూడు నాలుగు కంపెనీలకి పంచుకుపోతుంది, పైగా సగం మంది హైదరాబాద్‌లోనో ముంబైలోనో పనికి పోయి అక్కడే రీచార్జ్ చేస్తారు. పాలమూరు, దేవరకొండ ఊళ్ల లెక్క ఎప్పుడూ ఇలాగే తేలుతుంది: ఇంటికి వీడియో కాల్ కావాల్సినవాడు దూరంలో ఉంటాడు, సిగ్నల్ లేనిది ఇంటి దగ్గర. ఖర్చు వైపు చూస్తే, నెట్ లేని 24,680 గ్రామాలకి 4జీ ఇవ్వడానికి 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసింది. పాత టవర్లు కొన్నిటిని 4జీకి మార్చడం, అయిదేళ్ల నడిపే ఖర్చు అందులోనే. ఎలా భాగించినా ఊరికి కోటి రూపాయలకి అటూ ఇటూ పడుతుంది. ఏ కంపెనీ మేనేజరూ ఈ ఫైలు మీద సంతకం పెట్టడు, పెట్టలేదని అతన్ని తిట్టి లాభం లేదు.

ఈ తేడా పూడ్చడానికే 2002లో యూఎస్‌ఓ నిధి పెట్టారు. కంపెనీల సర్దుబాటు చేసిన ఆదాయం నుంచి 5 శాతం అందులోకి పోతుంది. 2023 టెలికమ్యూనికేషన్ చట్టం తర్వాత దాని పేరు డిజిటల్ భారత్ నిధి. పై 26 వేల కోట్లు అందులోవే, పని బీఎస్‌ఎన్‌ఎల్‌ది. అంటే మీరూ నేనూ కట్టే బిల్లుల్లోంచే ఆ డబ్బు పోతోంది కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఈ నిధితో వేసిన 27 వేలకు పైగా 4జీ టవర్లలో ఒక కంపెనీ టవర్‌ను ఇంకో కంపెనీ సిమ్ కూడా వాడుకునే సదుపాయం 2025 జనవరిలో మొదలుపెట్టారు. ఫోన్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి చేత్తో వెతికించండి. తండా నాలుగు మూలలా, రకరకాల సిమ్‌లతో. మీకు తెలియకుండా పక్క ఊళ్లో అలాంటి టవర్ వచ్చి ఉంటే బయటపడుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాప్ పెట్టాలి, దాంట్లో మీ తండా చూడండి. మ్యాప్‌లో రంగు పడి ఉండి, నేల మీద సిగ్నల్ లేకపోతే మీ చేతికి మంచి ఆధారం దొరికినట్టే.

అర్జీ ఎలా రాయాలన్నది అసలు పని. గ్రామసభ తీర్మానం పెట్టించండి. అందులో తండా అక్షాంశ రేఖాంశాలు, ఇళ్లు, బడి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, ఒక్కో చోట ఏ సిమ్‌కి ఎంత డీబీఎం వచ్చిందో రాయండి. ఉపాధి హామీ పని హాజరు ఫోటోలు 2023 జనవరి నుంచి యాప్‌లోనే పంపాలని పెట్టారు. ఫోటో నెట్ లేకున్నా తీయొచ్చు, పంపడానికే ఫీల్డ్ అసిస్టెంట్ గుట్ట ఎక్కాలి. రేషన్ వేలిముద్రకీ ఇదే తిప్పలు. ఇలాంటివి కూలి డబ్బుతో, బియ్యంతో ముడిపడ్డవి కాబట్టి అధికారుల మీద పనిచేస్తాయి. "పిల్లల చదువు పాడవుతోంది" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోదు. డబ్బా ఫిర్యాదు వేరే కాగితం మీద ఉండాలి. మీ పంచాయతీ లైన్ ఏ దశలో వేశారో బట్టి అది బీఎస్‌ఎన్‌ఎల్‌కో టీ-ఫైబర్‌కో పోతుంది, రెండింటికీ కాపీ పెట్టండి. కలెక్టరేట్ ప్రజావాణిలో ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి, కేంద్ర ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖ కింద ఒకటి వేయండి. చాలామందికి తెలియని చోటు దిశ కమిటీ: ఎంపీ అధ్యక్షతన జిల్లా అధికారులంతా కూర్చుని కేంద్ర పథకాలు సమీక్షించే సమావేశం. భారత్‌నెట్ కూడా అక్కడికి వస్తుంది. మీ డబ్బా ఫోటో ఆ సమావేశం అజెండాలో పడితే, ఆ వారం లైన్‌మన్ తప్పకుండా వస్తాడు. తర్వాత నిలబెట్టుకోవడం మీ పని.

డబ్బా నడిచాక నెట్ పంచాయతీ ఆఫీసులోనే ఆగిపోకూడదు. అక్కడి నుంచి ఇళ్లకి వైరు గుంజే మనిషి కావాలి. మీ వైపు డిష్ వైర్లు చూసుకునే కేబుల్ ఆయన ఉంటే అతన్నే పట్టుకోండి, స్తంభం ఎక్కడం, ఇంటింటికీ నెలవారీ వసూలు చేయడం అతనికి వచ్చు. కొత్త భారత్‌నెట్‌లో ఊరి కుర్రాళ్లే ఉద్యమి పేరుతో కనెక్షన్లు ఇచ్చి ఆదాయంలో వాటా తీసుకునే పద్ధతి ఉంది. టీ-ఫైబర్ వాళ్లు 2024 డిసెంబరులో నారాయణపేట జిల్లా మద్దూరులో ఇళ్లకి కనెక్షన్లు ప్రయోగంగా మొదలుపెట్టారు. వీలైతే ఒకసారి పోయి చూసి రండి. వైరు తెగినప్పుడు అదే రోజు వచ్చేవాడు ఊళ్లో ఉన్నాడా లేడా అన్నదే అక్కడ అడగండి, స్పీడ్ ఎంతని కాదు.

మీ తండాకి ఒక వైపు అడవి ఆనుకుని ఉందన్నారు కాబట్టి ఇదొకటి. అటవీ హక్కుల చట్టం 2006లో ఊరి అవసరాలకి ఒక హెక్టారు లోపు అటవీ భూమి వాడుకోవచ్చన్న జాబితా ఉంది, అందులో కరెంటు, టెలికాం లైన్లు ఉన్నాయి. హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు కావాలి. ఫారెస్ట్ వాళ్లు ఒప్పుకోరని చెప్పి లైన్ ఆపేసిన కాంట్రాక్టర్లలో ఈ దరఖాస్తు అసలు పెట్టినవాళ్లని నేను పెద్దగా చూడలేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని చెంచు పెంటల (చెంచుల చిన్న గూడేల) సంగతి వేరు, అక్కడ వన్యప్రాణి చట్టం అనుమతులూ తోడవుతాయి. శాటిలైట్ నెట్‌కి నిజమైన చోటు అలాంటి పెంటలే. శాటిలైట్ నెట్ కంపెనీ స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు వచ్చింది. భారత్‌నెట్‌లో కూడా ఫైబర్ పోలేని 5 వేల చిల్లర పంచాయతీలకి శాటిలైటే పెట్టారు. పెంటలో బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి ఒక గిన్నె పెడితే మంచిదే. గోడ దాకా ఫైబర్ వచ్చిన తండాకి ఇంటింటికీ గిన్నె కొనడం మాత్రం నేను సలహా ఇవ్వను.

చివరగా మీ చిన్నాన్నకి వచ్చిన ఫోన్. పొలంలో టవర్ పెడతాం, ముప్పై లక్షల అడ్వాన్స్, నెలనెలా కిరాయి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అన్నారట. అది పచ్చి మోసం. టవర్ కంపెనీ జాగా యజమానికి డబ్బిస్తుంది, యజమాని దగ్గర తీసుకోదు. ట్రాయ్ పేరుతో లెటర్ పంపినా నమ్మొద్దు, టవర్ జాగాలతో ట్రాయ్‌కి సంబంధమే లేదు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఇంకా పంపకపోతే ఆ నంబరును టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు కింద రిపోర్ట్ చేసి బ్లాక్ చేయమనండి.